ఆరు పలకలు ఎవరు చెక్కారు? ఆర్కన్సా పలుగురాళ్ల గనిలో ఒక రోజు

ఈ ప్రయాణం నా నోటి దురుసు వల్ల మొదలైంది. దాచుకోవడం దేనికి, ముందే ఒప్పుకుంటున్నాను. నేను బైబిలు కళాశాల గడప తొక్కినవాణ్ణి కాను. పదో తరగతితో చదువు ఆపి, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఎనిమిదేళ్లు రాయి కొట్టాను. వాక్యం నేర్చుకున్నది కూడా అక్కడే, మధ్యాహ్నం అన్నం తిన్నాక బండ నీడలో కూర్చుని, దుమ్ము పట్టిన వేలితో అక్షరం వెంట అక్షరం. తరువాత నా భార్య సువార్తకు నర్సు ఉద్యోగం రావడంతో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్ చేరాము. ఇప్పుడు వారమంతా ఒక గోదాములో పని, ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు సహవాసంలో ప్రసంగం. జీతం లేని ప్రసంగీకుణ్ణి. గొంతుకు మాత్రం దేవుడు ఏ లోటూ చేయలేదు.

నాకు పేరు తెచ్చిన ప్రసంగం ఒకటుంది. పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఎడమ చేతిలో మన మెట్టచేలల్లో కాలికి తగిలే తెల్లని పలుగురాయి. కుడి చేతిలో ఒక విశ్వాసి కానుకగా ఇచ్చిన స్ఫటికం, నీళ్లలా తేటగా, ఆరు పలకలు తేలి, పైన మొనదేలి. "ప్రియులారా, ఈ రెండూ ఒకటే రాయి! ఒకటి వంకరటింకర, ఒకటి రాజు కిరీటానికి తగినది. మధ్యలో ఏముంది? ఉలి! దేవుని ఉలి దెబ్బ!" అని బల్ల మీద గుద్దుతాను. జనం కన్నీళ్లు పెట్టుకునేవారు. సీడీలు వేసి పంచారు. మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి వర్జీనియాలోని షాంటిలీ దాకా తెలుగు సహవాసాల్లో నన్ను "ఉలి బ్రదర్" అనే పిలుస్తారు. జూలైలో డల్లాస్ సభలకు నన్ను పిలిచింది కూడా ఆ ప్రసంగం కోసమే. కరపత్రం మీద ఉలి బొమ్మ వేసి మరీ అచ్చు కొట్టించారు.

మే నెలలో ఒక ఆదివారం, బల్ల గుద్ది చెయ్యి ఇంకా తీయలేదు, వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. కెజియా. ఇక్కడే పుట్టిన పిల్ల, పంతొమ్మిదేళ్లు, యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చింది. పసికందుగా ఉన్నప్పుడు యోబు భక్తుడి కూతురి పేరు పెట్టి ఎత్తుకుని ప్రార్థన చేసింది నేనే.

"అంకుల్, సారీ, బట్ దాన్ని ఎవరూ కట్ చేయలేదు. క్వార్ట్జ్ అలానే గ్రో అవుతుంది. గ్రౌండ్‌లోనే సిక్స్ సైడ్స్ ఉంటాయి."

నేనేమన్నాను? "రాయి గురించి నాకు చెబుతున్నావా అమ్మా? నేను సుత్తి పట్టేనాటికి మీ అమ్మకు పెళ్లి కూడా కాలేదు!" అన్నాను. హాలంతా నవ్వింది. పిల్ల కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరువాతి ఆదివారమూ రాలేదు. "డౌట్ అడిగితే నవ్వే చోటుకి నేను ఎందుకు రావాలి అంటోంది వదినా" అని వాళ్లమ్మ చెప్పిన మాటను సువార్త నాకు కాఫీతోపాటు అందించింది. కాఫీ చల్లారిపోయింది. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్క గొర్రె వెంట పోవాలని ఎన్నిసార్లు కేకలు వేశానో! ఆ ఒక్కదాన్ని తరిమింది కాపరే అయితే ఏం చేయాలో ఎప్పుడూ చెప్పలేదు.

ఫోను చేశాను. "నాకు చూపించు. భూమిలో ఉండగా, ఎవరి చెయ్యీ పడకముందు ఆరు పలకలతో నా కంటికి కనిపిస్తే, అదే బల్ల దగ్గర నిలబడి పదకొండేళ్లు తప్పు చెప్పానని ఒప్పుకుంటాను. కనిపించకపోతే నువ్వొచ్చి మొదటి వరుసలో కూర్చోవాలి."

"డీల్, అంకుల్. ఆర్కన్సా వెళ్దాం. మౌంట్ ఐడా అని చిన్న టౌన్. అక్కడ డబ్బులిస్తే మైన్‌లో డిగ్ చేయనిస్తారు."

"ఎంత దూరం?"

"ట్వెల్వ్ అవర్స్."

నేను అడిగింది అరగంట దూరం అనుకుని. మాట ఇచ్చేశాక ఏం చేస్తాం!

2012 జూన్‌లో ఒక గురువారం తెల్లవారుజామున అయిదింటికి మా వ్యానులో ముగ్గురం బయలుదేరాము. నేను గోదాములో రెండు రోజులు సెలవు పెట్టాను, సువార్తకు వారంలో మూడు రోజులే డ్యూటీ కాబట్టి ఆమెకు సెలవు పెట్టే పని లేకపోయింది. దారి తేలికే: ఇంటర్‌స్టేట్ 55 పట్టుకుని స్ప్రింగ్‌ఫీల్డ్ మీదుగా సెయింట్ లూయిస్, అక్కడ పెద్ద ఉక్కు కమాను దాటేసరికి తొమ్మిదిన్నర. ఊరు దాటి కొంతదూరం దక్షిణంగా వెళ్లాక హైవే 67లోకి తిరగండి. పాప్లర్ బ్లఫ్ దాటితే ఆర్కన్సా వచ్చేస్తుంది. తరువాత లిటిల్ రాక్, అక్కడినుంచి గంట ప్రయాణంలో హాట్ స్ప్రింగ్స్. పెట్రోలు గ్యాలను మూడున్నర డాలర్లకు అటూ ఇటూ ఉంది. పోనూ రానూ నాలుగుసార్లు నింపాము. పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి మాతోనే ఉన్నాయి గనుక దారిలో కాఫీకి తప్ప పర్సు తీయలేదు.

ఆరు కావస్తుండగా హాట్ స్ప్రింగ్స్ చేరి మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నాము, ఒక్కోటి యాభై అయిదు డాలర్లు. ఒకదానిలో ఆడవాళ్లు, ఇంకోదానిలో నేనూ నా గురకా. ఊరి మధ్యలో భూమిలోంచి వేడినీళ్లు కుళాయిల్లో వస్తాయి, ఎవరైనా పట్టుకోవచ్చు, రూపాయి అడగరు. జనం క్యాన్లు తెచ్చి నింపుకుంటున్నారు. సువార్త నీళ్లు తాగి చూసి, "కాచి పోసే పని లేదు" అని రెండు సీసాలు పట్టింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి హైవే 270 మీద పడమరకు బయలుదేరాము. పైను చెట్ల మధ్య మెలికలు తిరిగే రోడ్డు, యాభై నిమిషాలు. దారి పొడుగునా రోడ్డు పక్క బల్లల మీద స్ఫటికాలు, మన దగ్గర మామిడికాయలు పోసినట్టు పోసి అమ్ముతున్నారు. కంకర రోడ్డు ఎక్కి గనికి చేరితే ముందు ఒక రేకుల షెడ్డు, అదే దుకాణం, అదే టికెట్టు కౌంటరు. మనిషికి ఇరవై డాలర్లు. సాయంత్రం అయిదు దాకా తవ్వుకోవచ్చు, దొరికిందంతా మనదే. కౌంటరు వెనక ఎర్ల్ అనే పెద్దాయన, డెబ్బై ఏళ్లుంటాయి. తొడుక్కున్న బట్టలు ఒకప్పుడు ఏ రంగో తెలియనంత ఎర్రమట్టి.

నేను ఊరుకుంటానా? జేబులోంచి నా ప్రసంగపు స్ఫటికం తీసి ఆయన ముందు పెట్టాను. "దీన్ని ఎవరు చెక్కారు?"

ఆయన దాని పక్క పలక మీద బొటనవేలి గోరుతో గీరాడు. "నువ్వూ గీరి చూడు. అడ్డంగా సన్నని గీతలు తగులుతున్నాయా? మెట్లు మెట్లుగా? అవి ఇది పెరిగిన గుర్తులు. సాన పెట్టి ఉంటే ఆ గీతలు అరిగిపోయేవి. దీన్ని ఎవరూ చెక్కలేదు మిత్రమా, కడిగారంతే."

గోరుకు గీతలు తగిలాయి. తగలలేదని చెబితే అబద్ధికుణ్ణి. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "లేఖనం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంటుంది. ఈయన ఒక్కడు. పైగా అమ్ముకునేవాడు" అన్నాను తెలుగులో.

"నేను వన్, ఈయన టూ. అయిపోయింది కదా అంకుల్!"

"నువ్వు కక్షిదారువి. సాక్షివి కాదు."

సువార్త టికెట్లు పర్సులో పెట్టుకుంటూ, "ఈ కోర్టు సాయంత్రం దాకా నడుస్తుంది గాని, టోపీలు పెట్టుకోండి, ఎండ ముదురుతోంది" అంది.

ఎర్ల్ మమ్మల్ని తన ట్రక్కులో గని పైదాకా తీసుకెళ్తూ పని ఎలా జరుగుతుందో చెప్పాడు. చదివేవాళ్లు మీలో చాలామంది ఇంజనీర్లు, కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇది సొరంగం కాదు, తెరిచిన గొయ్యి. ముందు యంత్రంతో పైమట్టి, ఇసుకరాయి పొరలు తీస్తారు. రాతిలో తెల్లని చార కనిపించగానే యంత్రం ఆపేస్తారు. అది పలుగురాయి నరం. దాని వెంట మనుషులు చేతులతో వెళ్తారు. నరం ఎక్కడో ఒకచోట ఉబ్బి గూడులాగా ఖాళీ ఉంటుంది. ఆ గూటి నిండా ఎర్రని జిగటమన్ను, మన్నులో స్ఫటికాలు. గూడు దొరికాక ఇనుము ముట్టరు. కర్రపుల్లలతో, వేళ్లతో మన్ను తోడి, ఒక్కొక్కటి తీసి కాగితంలో చుడతారు. మిగిలిన మన్నంతా బయట గుట్టలుగా పోస్తారు. మనం తవ్వేది ఆ గుట్టల్లోనే.

"రెండో యుద్ధంలో మా నాన్న ఇక్కడే తవ్వాడు. సైన్యం కొనేది, రేడియోల కోసం" అన్నాడు ఎర్ల్. రేడియోకు రాయెందుకని నేను అడిగితే కెజియా అందుకుంది. "అంకుల్, క్వార్ట్జ్‌ని ప్రెస్ చేస్తే కొంచెం కరెంట్ వస్తుంది. రివర్స్‌లో, కరెంట్ ఇస్తే అది షేక్ అవుతుంది. ఎప్పుడూ సేమ్ స్పీడ్. మీ వాచ్‌లో అదే ఉంది, సెకండ్‌కి థర్టీటూ థౌజండ్ సెవెన్ హండ్రెడ్ సిక్స్టీ ఎయిట్ టైమ్స్." నేను చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాను. నలభై నిమిషాలని చెప్పి గంటన్నర ప్రసంగించే నా మణికట్టు మీద ఇంత నమ్మకమైన రాయి ఉందని ఎవరికి తెలుసు!

దిగేటప్పుడు ఎర్ల్ నా సంచిలోకి చూశాడు. మూడు పౌన్ల సుత్తి, ఒక ఉలి. ప్రయాణం కోసమే ముప్ఫై నాలుగు డాలర్లు పెట్టి కొన్నాను.

"ఇవి దేనికి?"

"రాయి కొట్టడానికి."

"ఇక్కడ కొట్టేదేమీ లేదు. గోకడమే." మొక్కల కుండీల్లో మట్టి గుల్ల చేసే మూడు పళ్ల చిన్న గోరు ఒకటి నా చేతిలో పెట్టాడు. చంటిపిల్లల ఆటవస్తువులా ఉంది. ఎనిమిదేళ్లు చీమకుర్తిలో బండలు పగలగొట్టినవాడి చేతికి! తీసుకున్నాను గాని సుత్తిని ట్రక్కులో వదలలేదు.

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాము. ఎండ అప్పుడే వీపు మీద కూర్చుంది. ఆ ఎర్రమన్ను చెప్పులకు, చేతులకు, చెవులకు కూడా అంటుకుంటుంది. సువార్త అందరికంటే ముందు. ఇరవై ఏళ్లుగా జనం చేతుల్లో నరాలు వెతికే వేళ్లు, మన్నులోకి పోతే ఊరికే వస్తాయా? అరగంటలో గుప్పెడు ఏరింది, చిటికెనవేలంత ఒకటి, అగ్గిపుల్లంత రెండు. "మీకేం దొరికింది?" అని అడుగుతుంది, అదీ నవ్వుతూ.

అవన్నీ ఆరు పలకలవే. కానీ అప్పటికే మన్నులోంచి బయటపడ్డవి. యంత్రం తగిలి, రాళ్లు రాసుకుని అలా అయ్యాయేమో అన్నాను. ఎంత సిగ్గులేని వాదనో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అంతలో నా మూడు పళ్ల గోరుకు బరువుగా ఒకటి తగిలింది. లాగితే తలకాయంత తెల్లని ముద్ద, ఏ పలకా లేదు, ఏ మొనా లేదు. అచ్చంగా మన పలుగురాయి.

"చూశావా! భూమిలో ఉన్నది ఇదీ! ఇక దీన్నేమంటావు?" అని గుట్ట మీదినుంచి అరిచాను.

కెజియా లేచి వచ్చి దాన్ని తిప్పి చూసింది. ఒక పక్క చిన్న గుంట ఉంది. గుంటలో మన్ను వేలితో తీసి, తన సీసాలో నీళ్లు పోసింది. లోపల బియ్యపుగింజంత మొనలు, వరుసగా, తళతళా.

"అంకుల్, రెండూ సేమ్ స్టోన్. అది మీరు కరెక్టే చెప్పారు. కానీ ఇది నరంలో టైట్‌గా ఉంది. గ్రో అవడానికి ప్లేస్ లేదు, సో ముద్దలా అయింది. ఇక్కడ చిన్న ఖాళీ ఉంది చూడండి. ఖాళీ ఉన్న చోట ఫేసెస్ వచ్చాయి. డిఫరెన్స్ అంతే. స్పేస్."

వాదన పొడిగించకుండా వంగి మళ్లీ గోకడం మొదలుపెట్టాను. సువార్త తల తిప్పి నా వైపు చూసింది, నాకు జ్వరమేమోనని.

పదకొండూ నలభైకి కెజియా కేక వేసింది. "అంకుల్! రండి, రండి! ముట్టుకోకండి, జస్ట్ చూడండి!"

గుట్ట అంచున వాన కోసిన చిన్న గండిలో ఒక ఇసుకరాతి ముక్క, సగం మన్నులో ఉంది. దాని మీద ఒక స్ఫటికం నిలబడి ఉంది. బొటనవేలంత లావు, జానెడుకు కొంచెం తక్కువ పొడవు. అడుగు రాతిలోకి నాటుకుని ఉంది, వేరు పట్టినట్టు. చుట్టూ మన్ను ఇంకా తడి ఆరలేదు. ఆమె వేలితో మన్ను ఒత్తి తీస్తుంటే ఒక్కొక్క పలకా బయటికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. నేను మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. ఆరు. అడ్డగీతలు. మొన. దాని మీద మనిషి చెయ్యి పడటం అదే మొదటిసారి, అదీ పంతొమ్మిదేళ్ల పిల్ల వేలు.

సాక్ష్యం పూర్తయింది. ఓడిపోయాను. ఓడినవాడు నోరు మూసుకుని ఆమెన్ అంటే సరిపోయేది. నేనేం చేశాను? "ఆగమ్మా, నీకు ఇది నేను తీసిపెడతాను" అన్నాను. అడుగునున్న ఇసుకరాతిలో ఒక సన్నని బీట కనిపించింది. రాతి పని చేసినవాడికి బీట కనిపిస్తే చెయ్యి ఆగదు. సుత్తి తీశాను, ఉలి బీటలో పెట్టాను. "అంకుల్, నో, వెయిట్..." అంటూనే ఉంది. ఒక్క దెబ్బ.

ఇసుకరాయి చీమకుర్తి గ్రానైట్ చీలినట్టే తిన్నగా, అందంగా చీలింది. స్ఫటికం టిక్కుమంది. మధ్యకు విరిగి పై సగం మన్నులో పడింది.

దూరంగా ఎవరి బకెట్టో కిర్రుమంది. "ఇట్స్ ఓకే, అంకుల్" అంది కెజియా, ముఖం అటు తిప్పుకుని. సువార్త ఒక్కటే మాట అంది: "ఆ రోజు నోటితో కొట్టారు, ఇప్పుడు చేత్తో."

విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాను. విరిగినచోట పలక లేదు. సోడాసీసా పగిలినట్టు గుండ్రంగా, అలలు అలలుగా, గవ్వ లోపలి భాగంలా ఉంది. పదకొండేళ్లు బల్ల గుద్ది చెప్పాను ఉలి దెబ్బ ఆకారం ఇస్తుందని! నా ఉలి దెబ్బ ఏం చేసిందో నా అరచేతిలోనే ఉంది. గ్రానైట్‌కు నేర్చిన పాఠాన్ని అడగకుండా ప్రతి రాయికీ చెప్పాను. రాళ్లతో ఆగానా?

ఆ మన్నులోనే కూర్చుని అడిగాను. "కెజియా, క్షమించమ్మా. ఈ రాయికి ఒకటి. ఆ ఆదివారానికి ఒకటి."

ఆమె మన్ను గిల్లుతూ అంది: "ఆ రోజు ఐ వాజ్ రైట్, అంకుల్. అయినా అందరూ నవ్వారు."

"వాళ్లు నవ్వలేదమ్మా. నేను నవ్వించాను."

"సండే చెప్తారా?"

"చెబుతాను."

"డల్లాస్‌లో?"

కరపత్రం మీద ఉలి బొమ్మ గుర్తొచ్చింది. నాకున్నది ఆ ఒక్క ప్రసంగమే అని చెబితే అతిశయోక్తి, కానీ జనం కారు ఎక్కి వచ్చి వినేది ఆ ఒక్కటే. "ముందు ఆదివారం కానీ" అన్నాను. పిల్లకు తెలిసిపోయింది, తప్పించుకున్నానని.

మధ్యాహ్నమంతా మూడు పళ్ల గోరుతోనే గోకాను. సుత్తిని సువార్త తన సంచిలో వేసుకుని దాని మీద కూర్చుంది. సాయంత్రానికి మూడు బకెట్లు నిండాయి. నాకు కూడా ఒక గుత్తి దొరికింది, ఎనిమిది మొనలు వేళ్లలా పైకి లేచినది. షెడ్డు దగ్గర ఎర్ల్ చివరి పాఠం చెప్పాడు: మన్ను నీళ్ల గొట్టంతో పోతుంది గాని ఎర్రని తుప్పుమరక పోదు. దానికి ఆగ్జాలిక్ ఆమ్లం పొడి నీళ్లలో కలిపి రోజుల తరబడి నానబెట్టాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లలకు దూరంగా పెట్టాలి. ఎండకు కాలిన రాయి మీద చన్నీళ్లు గుమ్మరిస్తే లోపల చిట్లుతుంది. "సీసాను గీరేంత గట్టిది, కత్తికి లొంగదు. కానీ ఉన్నట్టుండి చల్లబడితే తట్టుకోలేదు" అన్నాడు.

మౌంట్ ఐడాలో ఒక చిన్న హోటల్లో ఆగాము. వేయించిన క్యాట్‌ఫిష్, మొక్కజొన్న పిండి ఉండలు, ప్లేటు తొమ్మిది డాలర్లు. మా చెప్పులు చూసి వంటావిడే బయటికొచ్చింది. "గనికి వెళ్లొచ్చారా? నా నేల మీద సగం గని తెచ్చారు!" సువార్త సిగ్గుపడి సంచిలోంచి కారప్పొడి తీసి చేప మీద చల్లుకుంటుంటే, ఆవిడ వేలితో చిటికెడు అందుకుని నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా, ఇది తవ్వింది ఏ గనిలో?" అంది. కెజియా పొద్దుటినుంచి అప్పుడే నవ్వింది. ఆ చిటికెడు కారానికి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మోటెల్‌కు వచ్చాక ఆ పిల్ల మా ఇద్దరినీ స్నానాలగదిలోకి తోసి, లైటు ఆర్పి, తలుపు సందులో తువాలు కుక్కింది. "ఆంటీ, కళ్లు అలవాటు పడేదాకా వెయిట్." తరువాత ఆ విరిగిన రెండు ముక్కలనూ ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దింది. రాళ్ల లోపల నారింజరంగు వెలుగు, మిణుకుమిణుకుమంటూ, మంట లేకుండా. కాలిన వాసన. చిన్నప్పుడు పలుగురాళ్లు కొట్టి నిప్పురవ్వలు చూసేవాళ్లం గాని, రాయి లోపల దీపం వెలగడం చూడలేదు. బైబిలులో పగిలిన కుండల్లోంచి గిద్యోను సైన్యం దివిటీలు వెలిగిన సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. చీకట్లోనే సువార్త మోచేత్తో పొడిచింది. మింగేశాను.

శనివారం తిరుగు ప్రయాణం. స్టీరింగు సువార్త చేతిలో ఉంది. మిసోరీలో ఎక్కడో ఉన్నాము, వెనక సీటునుంచి కెజియా అంది, "అంకుల్, మీ లిప్స్ మూవ్ అవుతున్నాయి."

"ప్రార్థన."

"ఆంటీ, ఇది ప్రార్థనా?"

"కాదమ్మా, ప్రసంగం. ప్రార్థనకైతే చెయ్యి ఊపరు."

నిజమే. ఖాళీ గురించి కొత్త ప్రసంగం కట్టేస్తున్నాను. ఉలి పోతే ఖాళీ! డల్లాస్ కాపాడబడుతుంది! కెజియా ముందుకు వంగి మెల్లగా అంది: "అంకుల్, కొత్త స్టోరీ తర్వాత. ముందు పాతది రాంగ్ అని చెప్పండి. ఒక్కటే చెప్పండి. మిక్స్ చేయకండి."

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బల్ల దగ్గర నిలబడ్డాను. నలభైమంది ఉన్నారు. మూడో వరుసలో కెజియా, వాళ్లమ్మ పక్కన. "పదకొండేళ్లుగా మీకు తప్పు చెప్పాను. స్ఫటికానికి ఆరు పలకలు ఉలి వల్ల రాలేదు, పుట్టుకతోనే ఉన్నాయి. నా కళ్లతో చూశాను. ఈ బిడ్డ నిజం చెబితే మీ అందరిచేత నవ్వించాను. ఆమెను ఇక్కడే క్షమాపణ అడుగుతున్నాను. ఇంతే." కూర్చున్నాను. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం లేదు.

మా సహవాసంనుంచి డల్లాస్ సభల ఏర్పాట్లు చూసే పెద్ద, జాన్‌పాల్ గారు, లేచారు. "బ్రదర్ గారూ, ఉపమానమే కదండీ. దానివల్ల ఎంతమందికి మేలు జరిగింది! కరపత్రాలు కూడా వెళ్లిపోయాయి. ఇంత చిన్న దానికి..."

"చిన్నదే అయ్యగారూ. దేవుడు చేసిన చిన్న రాయి గురించి తప్పు చెప్పి, దేవుని గురించి ఒప్పు చెబుతున్నానంటే ఎవరు నమ్మాలి? డల్లాస్‌లో నిలబెడితే ముందు ఈ మాటే చెబుతాను. వద్దంటే ఇంకొకరిని పిలవండి, నొచ్చుకోను." నొచ్చుకుంటానని నాకు తెలుసు. కానీ మాట బయటికి వచ్చేసింది, వెనక్కి తీసుకోలేదు.

ఆయన ఆలోచించుకుని చెబుతానని కూర్చున్నారు. అప్పుడు మూడో వరుసలో చెయ్యి లేచింది.

"అంకుల్, ఇంకో డౌట్ ఉంది. ఆ గద్ద స్టోరీ చెప్తారు కదా. ఫార్టీ ఇయర్స్‌కి కొండ మీదికి వెళ్లి, ముక్కు రాయికి కొట్టుకుని విరగ్గొట్టుకుంటుంది, మళ్లీ కొత్త ముక్కు వస్తుంది అని..."

నలభై తలలు నా వైపు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు, నేనేమంటానో చూస్తున్నారు. ఆ గద్ద కథ నాకు మాత్రమే కాదు, నాకు తెలిసిన సగంమంది ప్రసంగీకులకు అన్నం పెట్టింది. "అది కూడానా తల్లీ?" అన్నాను. అప్పుడు పగలబడి నవ్వారు, అందరికంటే గట్టిగా ఆ పిల్ల.

"చూడాలంటే స్టార్వ్‌డ్ రాక్ పార్క్‌కి వెళ్లాలి అంకుల్, వింటర్‌లో గద్దలు వస్తాయి. ఇక్కడినుంచి వన్ అవరే."

చదివేవారికి ఒక మాట. యోబు భక్తుడు గనుల గురించి చెప్పిన అధ్యాయం నాకు కంఠతా వచ్చు. మనిషి చీకటి అడుగుదాకా తవ్వుతాడు, కొండలను వేళ్లతో సహా తిరగేస్తాడు, జ్ఞానం మాత్రం ఆ గనిలో దొరకదు అంటాడాయన. వందసార్లు చెప్పాను ఆ మాట, ప్రతిసారీ ఇతరుల గురించే. ఆ ఎర్రమన్నులో కూర్చున్నప్పుడు మొదటిసారి నా గురించి అనిపించింది. నాకు దొరికింది జ్ఞానం అని అనను, మూడు బకెట్ల రాళ్లు. కానీ ఒకరు ప్రశ్న అడిగినప్పుడు నోరు తెరిచే ముందు పది లెక్కపెట్టడం నేర్చుకుంటున్నాను, ఇప్పటికి ఆరు దాకా వచ్చాను. డల్లాస్‌నుంచి కబురు ఇంకా రాలేదు. కెజియా మాత్రం ప్రతి ఆదివారం వస్తోంది, చేతిలో నోటుపుస్తకంతో. ఆ పుస్తకం చూస్తే నాకు వణుకు, ఆనందం రెండూ కలుగుతున్నాయి.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: వాన పడిన మర్నాడు వెళ్లండి, గని తెరవగానే. వాన పైమన్నును కడిగి ఉంటుంది. తొందరపడి తవ్వడం మొదలుపెట్టకుండా, వాలుగా ఉన్న పొద్దుటెండకు ఎదురుగా గుట్టల మీద నెమ్మదిగా నడవండి. ఎక్కడ తళుక్కుమంటే అక్కడ వంగండి.